కోసేసిన మూడడుగులు

ఆసుపత్రిలో పదకొండో నంబరు మంచం మీద కూర్చుని, చుట్టుపక్కల మంచాల దుప్పట్లకు అంచులు ఎవరు కుట్టారో గానీ చేతులు విరగ్గొట్టాలి అని గొణుక్కుంటూ ఉండే నా ఇంటిదానికి, నీ బావ దీవించి రాయునది.

ఇక్కడ నేనూ, నీ కుట్టుమిషనూ, మిషను కింద కాపురం పెట్టిన ఎలుకా క్షేమం. అక్కడ నువ్వు క్షేమమని నీ ఉత్తరంలో చదివాను. నువ్వు రాసిన క్షేమాన్ని నేను ఎంత నమ్మానో, నేను రాసిన క్షేమాన్ని నువ్వూ అంతే నమ్ము.

నీ ఉత్తరం మంగళవారం అందింది. ఇవాళ శుక్రవారం. మూడు రోజులు ఏం చేస్తున్నావని అడుగుతావు. చెబుతాను. ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు రాయనీ. పెద్ద మాట చెప్పాల్సి వచ్చినప్పుడు చిన్న మాటలు చుట్టూ పేర్చుకోవడం నాకు మొదటినుంచీ అలవాటేనని నీకు తెలుసు.

మిషనుకు నూనె వేశాను. నువ్వు రెండు చుక్కలే అన్నావు. మూడోది దానంతట అదే పడింది. మెట్ల పక్కింటి మీ కస్సుబుస్సు వదినకి ఎనిమిది దిండు గలీబులూ ఇచ్చేశాను. తీసుకుని వెలుతురులో పట్టి చూసి, "ఇదేంటి మేస్త్రీ, కుట్టు వంకర పోయింది?" అంది. "వంకర నీ చూపులో ఉంది" అన్నాను. "ఉండు, మీ ఆవిడ రానీ, నీ సంగతి చెప్తా" అని లోపలికి పోయి కొంగుతో కళ్లు తుడుచుకుంది. అప్పటికి ఇంకా ఆవిడ పొయ్యి వెలిగించలేదు. కాబట్టి పొగవల్ల అనుకోవడానికి లేదు.

తిండి సంగతి అడిగావు. ఎప్పటిలాగే ఆవిడే వండి పంపిస్తోంది. నువ్వు కుట్టిపెట్టడం, ఆవిడ వండిపెట్టడం అన్న ఒప్పందంలో ఇప్పుడు నువ్వు లేవు గదా అంటే, "కుట్టు బాకీ ఉంటుందిలే, మీ ఆవిడ నూరేళ్లు బతికి తీరుస్తుంది" అంది. నోటికి కస్సుబుస్సే గానీ చేతికి కాదు. మనకి పొయ్యి లేకపోయినా ఇన్నేళ్లు కడుపు నిండింది ఆవిడ వల్లే. పాతకాగితాల గోదాం మీద గది అద్దెకిచ్చేటప్పుడు గోదాం ఆయన పెట్టిన షరతు గుర్తుందా? "పైన అగ్గిపుల్ల గీసినా ఖాళీ చేయిస్తా." నేను అగ్గిపెట్టె తీసి ఆయన చేతిలోనే పెట్టాను. ఆ రోజునుంచీ మన గదిలో నిప్పు లేదు. నిప్పు లేనిదే పొగ రాదంటారు పెద్దలు. ఆ పెద్దలు రేకుల పని చేసినవాళ్లు కాదు.

ఇప్పుడు నీ శుభవార్తకి వస్తాను. వచ్చే శుక్రవారం నిన్ను ఇంటికి పంపిస్తామన్నారని రాశావు. పంపేముందు డాక్టరుగారు, "ఇంట్లో వంట దేనిమీదమ్మా? పొగ ఏమన్నా ఉందా?" అని అడిగారనీ, నువ్వు, "మా గదిలో నిప్పే లేదండి. పైగా మా ఆయన పొగలేని పొయ్యిల మేస్త్రి. ఆయన అడుగుపెట్టిన వీధిలో పొగ నిలవదు" అని చెప్పావనీ రాశావు. అక్కడే ఉత్తరం మడిచేశాను. మళ్లీ విప్పడానికి మర్నాడు సాయంత్రం దాకా చేతులు రాలేదు.

నాకు చదువు ఎలా వచ్చిందో నీకు వందసార్లు చెప్పాను, నూటొకటోసారి విను. బడి మొహం చూడలేదు. నూనె డబ్బాలు కోసి మూతలు, గరాటాలు చేస్తూ, వాటిమీద అచ్చు వేసిన అక్షరాలు చూసి నేర్చుకున్నాను. నేను చదివిన మొదటి వాక్యం "తలకిందులు చేయరాదు". రెండోది "ఎండలో ఉంచరాదు". లోకంలో రాతన్నది చేయకూడనివి చెప్పడానికే పుట్టిందని చాలా ఏళ్లు అనుకున్నాను. అలాంటివాణ్ణి, ఒక పెద్ద వాక్యం చెవిన పడితే పట్టించుకోలేదు. ఆ వాక్యం టేపు అమ్మాయి చెప్పింది.

టేపు అమ్మాయి నీకు గుర్తుంది గదా. మెడలో కొలత టేపు వేసుకుని, మంచి పొయ్యిలు పెట్టించే సంస్థ తరఫున వచ్చిన పిల్ల. మన సందులో ముప్పై ఆరు వంటిళ్లూ చూసి దగ్గుతూ బయటికి వచ్చి, నా దుకాణం ముందు కూలబడి మంచినీళ్లు అడిగింది. ఆ నీళ్లే నన్ను ఇందులోకి దింపాయి. ఇటుకా మట్టీ తోటి పొయ్యి, వెనక నుంచి రేకు గొట్టం, కప్పు దాటి పైకి. కర్ర తక్కువ, మంట ఎక్కువ, పొగ బయటికి. నేను ఇంటింటికీ తిరిగి చెబుతుంటే మన సందు ఆడవాళ్లు పెట్టిన శోకాలు నువ్వు కిటికీలోంచి విని నవ్వేదానివి.

"పొగ లేకపోతే దోమల్ని పొమ్మని ఎవరు చెప్తారు మేస్త్రీ, నువ్వొచ్చి చెప్తావా?"

"మా అత్త పొగలోనే వండింది, పొగలోనే పోయింది, ఎనభై ఏళ్లు బతికింది."

"మరి పొగ లేకపోతే నూరేళ్లు బతికి నిన్ను ఇంకా ఇరవై ఏళ్లు సాధించేది, అదా నీ బాధ?" అని నేనంటే, ఒక్కసారి అందరూ నవ్వారు గానీ పొయ్యి మాత్రం ఎవరూ పెట్టించుకోలేదు.

అప్పుడు ఉపాయం చెప్పింది నువ్వే. రెండు తెల్లగుడ్డలు అంచులు కుట్టి ఇచ్చి, "ఒకటి పాత పొయ్యి మీద కట్టు, ఒకటి నీ దుకాణం ముందు నమూనాకి కట్టిన కొత్త పొయ్యి మీద కట్టు. ఒక పూట వంటయ్యాక రెండూ పక్కపక్కన ఆరెయ్యి. నువ్వు నోరు మూసుకో" అన్నావు. కస్సుబుస్సు వాకిట్లో ఆ రెండు గుడ్డలూ ఆరేశాను. ఒకటి తెల్లగా ఉంది, ఇంకొకటి పెనం అడుగులా ఉంది. ఆవిడ నల్లగుడ్డని వేలితో రాసి, ఆ వేలు చూసుకుని, "ఇది రోజూ నా లోపలికి పోతోందా?" అంది. అంతే. మర్నాటికి సందంతా పొయ్యి కావాలంది.

ఇక్కడ మొదలైంది నా ఘనకార్యం. ఇళ్లు ముప్పై ఆరు. సంస్థ పంపిన గొట్టాలు ఇరవై నాలుగు. ఒక్కోటి తొమ్మిదడుగులు. "మిగతా పన్నెండూ వచ్చే ఏడు చూద్దాం తాతా" అంది టేపు అమ్మాయి. వెళ్తూ వెళ్తూ చెప్పింది: "ఒక్క మాట మర్చిపోకు. రేకు కప్పు మీద మూడడుగుల పైచిలుకు గొట్టం నిలబడాలి. అప్పుడే పొగ గాలికి అందుతుంది. లేకపోతే పొగ కప్పు మీదే పాకి ఎవరో ఒకరి ఇంట్లో దూరుతుంది."

గొట్టం దక్కని పన్నెండిళ్ల వాళ్లూ మన మెట్ల కింద నిలబడ్డారు. వాళ్లలో ముందు ఒక బాలింత, చంకలో రెండు నెలల పిల్ల. ఆ పిల్ల దగ్గుతుంటే లోపల ఎవరో కాగితం చింపుతున్నట్టు ఉంది. "మా ఇంటి పొగ ఏమన్నా తియ్యగా ఉంటుందా మేస్త్రీ? మేమేం పాపం చేశాం?" అంది.

నలభై ఏళ్లు రేకు కోసినవాణ్ణి. తొమ్మిదడుగుల గొట్టం చూస్తే నాకు ఆరూ మూడూ అని విడిగా కనిపించింది. ఇరవై నాలుగు గొట్టాలూ తలా మూడడుగులు కోశాను. కోసిన ముక్కలు రెండేసి అతికాను. పన్నెండు కొత్త గొట్టాలు పుట్టాయి. ముప్పై ఆరిళ్లకీ ముప్పై ఆరు గొట్టాలు. ఎవరికీ తక్కువ లేదు, అందరికీ సమానం. కప్పు మీద ఎంత మిగిలిందంటావా? జానెడు.

ఆ సాయంత్రం సందులో నన్ను చూసిన చూపులు ఇంకో జన్మకి కూడా సరిపోతాయి. నువ్వు మెట్ల మీద నిలబడి, "మా బావ దేవుడికి కూడా అతుకు వేస్తాడు" అన్నావు. నేను మీసం సవరించుకున్నాను. మీసం లేదు, అయినా సవరించుకున్నాను.

టేపు అమ్మాయి తిరిగి వచ్చి ప్రతి వంటింట్లోకీ వెళ్లి చూసింది. లోపల పొగ లేదు. ముప్పై ఆరిళ్లలోనూ లేదు. సంతోషంతో నా రెండు చేతులూ పట్టుకుంది. టేపు మెడలోనే ఉంది గానీ, కప్పు ఎక్కి కొలవలేదు. ఎక్కమని నేను అనలేదు.

ఇప్పటిదాకా రాసింది నీకు తెలిసినదే. తెలియదని నేను అనుకుంటూ వచ్చింది ఇకనుంచి రాస్తున్నాను.

మన సందుకి రేకుల కప్పు మొత్తం ఒకటే వరస, ఆ చివర నుంచి ఈ చివర దాకా. ఈ చివర అడ్డంగా గోదాం గోడ. ఆ గోడలో, రేకులకి జానెడు పైన, మన కిటికీ. ముప్పై ఆరు పొట్టి గొట్టాల పొగా గాలికి అందక, రేకుల మీద పాక్కుంటూ వచ్చి, గోడ తగిలి, ఎక్కడ సందు ఉందో అక్కడ దూరింది. ఆ సందు వెనక నువ్వు మిషను తొక్కుతూ కూర్చున్నావు.

పొయ్యిలు పెట్టిన మొదటి నెలలోనే కిటికీ ఊచల మీద మసి చూశాను. చూసి ఏం చేశానో తెలుసా? పొద్దున్నే నువ్వు నీళ్లకి కిందికి వెళ్లగానే తడిగుడ్డతో తుడిచేసేవాణ్ణి. గుడ్డని నా పనిసంచిలో దాచి దుకాణంలో ఉతికేవాణ్ణి. ఒకరోజు కాదు, ఏడాది పైన. రేపు పైకి ఎక్కి చూద్దాం, ఎల్లుండి ఏదన్నా ఉపాయం చేద్దాం అనుకుంటూ. ఒప్పుకుంటే పన్నెండిళ్ల గొట్టాలు తీసేయాలి. దేవుడికి అతుకు వేసేవాడు దేవుడి ముందు తప్పు ఒప్పుకోవాలి. దానికంటే తడిగుడ్డ తేలిక. నువ్వు దగ్గడం మొదలుపెట్టాక కూడా తుడిచాను. నిన్ను ఆసుపత్రి బండి ఎక్కించిన రోజు పొద్దున కూడా తుడిచాను. చదివావా? మళ్లీ చదువు. నేను మళ్లీ రాయలేను.

నీ ఉత్తరం వచ్చాక, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, పరుగులు మొదలుపెట్టాను. నూనె డబ్బాలు కోసి గొట్టానికి పొడుగు ముక్కలు చేస్తున్నాను. నా చేతులు ఇప్పుడు రోజుకి ఒకటే చేస్తాయి. మూడు నిలబెట్టాను. పల్చటి రేకు గదా, నిన్నటి గాలికి ఒకటి పడిపోయింది. కావలసినవి ముప్పై ఆరు. నువ్వు వచ్చేది వారానికి.

టేపు అమ్మాయికి కబురు పెట్టి కప్పు ఎక్కించాను. ఈసారి నేనే టేపు పట్టుకున్నాను. చూసి కిందికి దిగి, టేపు చుట్టి సంచిలో పెట్టేసింది. తిడితే బాగుండేది. చివరికి, "తాతా, పైవాళ్లకి నీ పని తెగ నచ్చింది. ఇంకో నాలుగు సందులకి ఆరడుగుల గొట్టాలే మంజూరు చేశారు. దానికి మేస్త్రి పద్ధతి అని పేరు పెట్టారు" అంది. ఆ గొట్టాలు ఆపమని అక్కడే కూర్చుని ఇద్దరం కలిసి కాగితం రాశాం. నా వేలిముద్ర కాదు, నా సంతకమే పెట్టాను. కొత్తగా పొడుగువి రావాలంటే నెలలు పడుతుందట.

ఇక మిగిలింది ఒకటే దారి అనుకున్నాను. పన్నెండిళ్ల గొట్టాలు వెనక్కి తీసుకుని, పాతవాటికి మళ్లీ అతికేయడం. మొదట బాలింత ఇంటికే వెళ్లాను. ఆమె పిల్ల ఇప్పుడు గడప పట్టుకుని నిలబడుతోంది. సంగతి చెప్పాను. ఆమె, "అక్క కోసమే గదా. తీసుకుపో మేస్త్రీ, నేను కాదనను" అంది. అని పిల్లని తెచ్చి నా చేతుల్లో పెట్టింది. "తీసుకుపోయేముందు దీని గుండె దగ్గర ఒక్కసారి చెవి పెట్టి విను."

విన్నాను. కాగితం చింపుతున్న చప్పుడు లేదు. నూనె వేసిన మిషనులా, ఏ అడ్డూ లేకుండా ఊపిరి వచ్చిపోతోంది. పిల్ల నా చెవి పట్టుకుని లాగి నవ్వింది. దాన్ని కింద దించి, సుత్తీ పటకారూ సంచిలో వేసుకుని వచ్చేశాను. మిగతా పదకొండిళ్ల తలుపులు తట్టలేదు. ఒకవైపు నువ్వు, ఒకవైపు ఆ పిల్ల. నలభై ఏళ్ల అనుభవంలో ఇంత చిన్న రేకు ఎప్పుడూ ఎదురుకాలేదు, ఎటు కోసినా చాలదు.

ఇక నీ శాలువా. "మేకుకి ఉంది, దాన్ని పంపించు, పెట్టె మాత్రం తెరవకు" అని రాశావు. మేకుకి లేదు. వెతికాను, మంచం కింద లేదు, తలుపు వెనక లేదు. పెట్టె తెరిచాను.

శాలువా కింద తొమ్మిది ఉన్నాయి. సన్నగా, పొడుగ్గా, గుడ్డముక్కలు కూరి కుట్టిన దిండ్లు. పాములా ఉంటే ఇదేం దిండు, ఎవరి తలకి, అనుకున్నాను. తిప్పి చూస్తే ఒక పక్క తెల్లగా ఉంది, ఒక పక్క పెనం అడుగులా ఉంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి పెట్టి చూశాను. కిటికీ రెక్క కింది సందుకి కొలిచినట్టు సరిపోయింది. కొలిచే కుట్టావు గదా.

నేను పనికి వెళ్లగానే కిటికీ మూసి, దీన్ని కూరి, చీకట్లో కుట్టుకునేదానివన్నమాట. నేను వచ్చే వేళకి తీసి దాచేదానివి. ఒకటి నల్లబడి పనికిరాకుండా పోతే ఇంకోటి. అలా తొమ్మిది. నీకు చూపు తగ్గిందనుకుని నేను కళ్లజోడు తెచ్చిచ్చాను. ఏమీ అనకుండా పెట్టుకున్నావు! చూపు బాగున్నదానివి, ఆ అద్దాల వెనక నుంచి సూదిలో దారం ఎలా ఎక్కించావే?

నల్లదిండు ఒకటి పట్టుకుని కిందికి పరిగెత్తాను. "ఇది నీకు తెలుసా?" అని కస్సుబుస్సుని అడిగాను.

"తెలుసు."

"ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే నా పొయ్యిలో నీళ్లు పోస్తానంది మీ ఆవిడ" అంది. తర్వాత గొంతు తగ్గించింది. "'మా ఆయనకి తెలిస్తే ఆ పన్నెండిళ్ల గొట్టాలు పీకేస్తాడు వదినా, ఆ చంటిది మళ్లీ పొగలో పడుతుంది, నాకేముంది, కిటికీ మూసుకుని కూర్చుంటా' అంది. ఇలా అవుతుందని నేననుకున్నానా మేస్త్రీ? ఇలా అవుతుందని తెలిస్తే నోరు మూసుకునేదాన్నా?" అని మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను.

పొద్దున నేను తుడిచాను, పగలు నువ్వు మూశావు. ఒకే మసిని ఇద్దరం ఒకరికి తెలియకుండా ఒకరం దాచాం. డాక్టరుగారికి నువ్వు చెప్పిన అబద్ధం కూడా నా గొట్టాలకి వేసిన అతుకే.

అందుకని, ఏ మొగుడూ ఏ పెళ్లానికీ రాయని మాట రాస్తున్నాను. నువ్వు ఇంటికి రాకు. వేరే గది కోసం మూడు వీధులు తిరిగాను. ఎక్కడ చూసినా రేకులే, వాటి మీద పొగే. ముప్పై ఆరూ నిలబెట్టేదాకా, రోజుకి ఒకటి చొప్పున, నెల పైనే పడుతుంది. నడుమ ఎన్ని పడిపోతాయో తెలియదు. అన్నాళ్లు వాళ్లు నిన్ను ఉంచుకుంటారో, మంచం ఇంకొకరికి కావాలంటారో, అదీ తెలియదు. ఉంచుకోకపోతే ఏం చేయాలన్నది నా దగ్గర లేదు. వెతుకుతున్నాను, లేదు.

శాలువాలో చుట్టి ఒక కాగితం పెట్టాను. అది డాక్టరుగారికి. "ఈమె గదిలో నిప్పు లేదు గానీ ముప్పై ఆరు పొయ్యిల పొగ ఉంది. దానికి కారకుణ్ణి నేను. దయచేసి ఇంటికి పంపొద్దు" అని రాశాను. ఆయన చేతికివ్వు. నువ్వు ఇవ్వవని నాకు తెలుసు. ఏ దిండులోనో కూరి కుట్టేస్తావు. అందుకే అదే ముక్క ఇంకో కాగితం మీద రాసి నిన్ననే నేరుగా ఆయన పేరుకి పోస్టు చేశాను. ఇది నీ చేతిలో పడేసరికి ఆయన చదివే ఉంటారు.

పరువు తీశానని కోపం వస్తుంది. రానీ. వార్డంతా వినపడేలా నన్ను తిట్టు. మధ్యలో దగ్గుకి ఆగకుండా ఎంతసేపు తిట్టగలిగావో మాత్రం లెక్కపెట్టి రాయి.

ఇట్లు,
నాలుగో గొట్టం సగంలో వదిలి వచ్చిన
నీ బావ